ఒక్క కార్మికుడికి రెండు అర్జీలు వద్దు: రాష్ట్ర కార్మిక సంఘాలకు బహిరంగ లేఖ

ఆంధ్రప్రదేశ్‌లోని ఏఐటీయూసీ, సీఐటీయూ, ఐఎన్‌టీయూసీ, హెచ్‌ఎంఎస్, బీఎంఎస్, ఐఎఫ్‌టీయూ, టీఎన్‌టీయూసీ, వైఎస్సార్‌టీయూసీ రాష్ట్ర కమిటీలకు, ఏ కేంద్ర సంఘానికీ అనుబంధం లేకుండా సొంతంగా నడుస్తున్న సంఘాల బాధ్యులకు,

నమస్కారం.

నేను విశాఖపట్నం పారిశ్రామిక ప్రాంతంలోని ఒక కర్మాగారంలో 33 ఏళ్లు పనిచేసి పదవీ విరమణ చేసిన కార్మికుణ్ణి. అందులో 11 ఏళ్లు మీలోని ఒక సంఘానికి శాఖా కార్యదర్శిగా ఉన్నాను. అది ఏ సంఘమో ఈ లేఖలో చెప్పడం లేదు. చెబితే మిగతా సంఘాల వారు దీన్ని ఆ సంఘం పంపిన లేఖగా చదువుతారు, ఆ సంఘం వారేమో నేను దారి తప్పానని అనుకుంటారు. ఇన్నేళ్లు జెండా మోసిన తర్వాత కూడా ఈ జంకు నాలో మిగిలి ఉందంటే, మీ ముందు పెట్టదలచిన సమస్య ఎంత లోతుగా పాతుకుపోయిందో మీరే గ్రహించగలరు.

నా విన్నపం ఇది. సార్వత్రిక సమ్మె పిలుపు వచ్చిన రోజున మీలో చాలామంది ఒకే బ్యానర్ పట్టుకుని నడుస్తున్నారు. ఆ మరుసటి రోజు నుంచి మళ్లీ ఎవరికి వారే యమునా తీరే. ఆ ఒక్కరోజు కలయికను ఏడాది పొడవునా పనిచేసే రాష్ట్ర సంయుక్త కమిటీగా మార్చండి. కనీస వేతనాల మీద, కాంట్రాక్టు కార్మికుల హక్కుల మీద, పనిచేసే చోట ప్రాణరక్షణ మీద ప్రభుత్వానికైనా యాజమాన్యాలకైనా మీ అందరి తరఫున ఒకే కాగితం వెళ్లే ఏర్పాటు చేయండి. మీ జెండాలు, మీ సభ్యత్వాలు, మీ సిద్ధాంతాలు మీ దగ్గరే ఉంటాయి. వాటిని వదులుకోమని అడిగే అర్హత నాకు లేదు, ఆ ఉద్దేశమూ లేదు.

ఎందుకు అడుగుతున్నానో తెలియాలంటే, నేను స్వయంగా పాలుపంచుకున్న ఒక సంఘటన చెప్పాలి. నేను కార్యదర్శిగా ఉన్న రోజుల్లో మా కర్మాగారంలో బి షిఫ్టు చేస్తున్న ఒక కాంట్రాక్టు కుర్రవాడి కుడిచేయి కన్వేయర్ రోలర్ కింద పడి మూడు వేళ్లు పోయాయి. పనిలో చేరి అప్పటికి నాలుగు నెలలే. నెలనెలా జీతంలోంచి కార్మికుల ఆరోగ్య బీమా అయిన ఈఎస్‌ఐకి కోత పడుతోందని అతను నమ్ముతున్నాడు గానీ, తీరా చూస్తే అతని పేరు మీద కార్డే లేదు. తోటివాళ్లు చందాలు వేసుకుని ప్రైవేటు ఆసుపత్రిలో చేర్చారు. మర్నాడు పొద్దున్నే మా సంఘం లెటర్‌హెడ్ మీద అర్జీ రాసుకుని నేను అక్కడికి వెళ్లేసరికి, రెండో సంఘం కార్యదర్శి మంచం పక్కన స్టూలు మీద కూర్చుని తన లెటర్‌హెడ్ మీద అర్జీ రాస్తున్నాడు. మేమిద్దరం ఒకే షాపులో, అంటే కర్మాగారంలోని ఒకే విభాగంలో, పదేళ్లు పక్కపక్కన పనిచేసినవాళ్లం. ఆ పూట ఒకరినొకరు పలకరించుకోలేదు. కుర్రవాడి కుడిచేయి మోచేతి దాకా కట్టులో ఉండడంతో ఆయన ఎడమ బొటనవేలికి సిరా రాసి తన కాగితం మీద ముద్ర వేయించుకున్నాడు. ఆ సిరా ఆరకముందే నేను మా కాగితం మీద వేయించాను. కాళ్ల దగ్గర కూర్చున్న అతని భార్య మా ఇద్దరినీ మార్చి మార్చి చూసి, "ఈ రెండిట్లో ఏ కాయితం పనిసేస్తాది బాబూ?" అని అడిగింది. మాదేనమ్మా అన్నాను నేను. ఆయన తనదే అన్నాడు.

రెండు కాగితాలూ కార్మిక శాఖ కార్యాలయానికి చేరాయి. ప్రమాదం సాయంత్రం 6 గంటలప్పుడు జరిగిందని మా అర్జీలో ఉంది, రాత్రి 9 దాటిందని వాళ్ల అర్జీలో ఉంది. యంత్రానికి అసలు గార్డే (చేయి పడకుండా ఉండే రక్షణ కవచమే) లేదని మేం రాశాం, ఉన్న గార్డును తీసేసి నడిపించారని వాళ్లు రాశారు. ఆ షిఫ్టులో ఉన్న నలుగురిని పక్కన కూర్చోబెట్టుకుని పది నిమిషాలు అడిగి ఉంటే ఏది నిజమో తేలిపోయేది. మేం విడివిడిగా, మా మా సభ్యులను మాత్రమే అడిగాం. కాంట్రాక్టరు తరఫు న్యాయవాది ఆ రెండు అర్జీలనూ పక్కపక్కన పెట్టి, కార్మికుల్లోనే ఒక మాట లేనప్పుడు ప్రమాదం పనిలోనే జరిగిందని ఎలా నమ్మమంటారని వాదించాడు. మూడేళ్లు నడిచిన కేసు చివరికి రాజీతో ముగిసింది. చేతికొచ్చిన మొత్తం ఆ కుటుంబం చేసిన వైద్యపు అప్పుకు కూడా చాలలేదు. గార్డు లేకుండా యంత్రం నడిపిన యాజమాన్యం తప్పును, కార్డు ఇవ్వకుండా కోత కోసిన కాంట్రాక్టరు తప్పును నేను తగ్గించి చెప్పడం లేదు. వాళ్లు ఆ తప్పుల నుంచి బయటపడడానికి దారి వేసింది మాత్రం మా రెండు లెటర్‌హెడ్లు. ఆ భారం ఇప్పటికీ నా మీద ఉంది.

అది పాత సంగతి అనుకోవద్దు. ఆ రోజున మా చీలిక ఖరీదు ఒక కుటుంబం కట్టింది. ఇప్పుడు అదే చీలికకు చట్టమే ధర నిర్ణయించింది. 29 కేంద్ర కార్మిక చట్టాలను మింగిన నాలుగు కోడ్‌లు 2025 నవంబర్ 21 నుంచి అమల్లోకి వచ్చాయి. మీలో చాలామంది నాలుగింటినీ రద్దు చేయాలంటున్నారు. బీఎంఎస్ వేతనాల కోడ్‌నూ సామాజిక భద్రత కోడ్‌నూ స్వాగతించి, పారిశ్రామిక సంబంధాలు, వృత్తి భద్రతకు చెందిన మిగతా రెండింటి మీద అభ్యంతరాలు చెప్పింది. నా మటుకు నేను రద్దు కోరేవారి వైపే ఉన్నాను. అయితే ఆ కోరిక నెరవేరేదాకా కార్మికుడు ఈ చట్టాల కిందే బతకాలి, ఈ చట్టాల కిందే బేరమాడాలి. కాబట్టి పారిశ్రామిక సంబంధాల కోడ్‌లో సంఘాల గుర్తింపుకు సంబంధించిన నిబంధనను మీ శాఖల్లో ప్రతి కార్యదర్శీ చేతికందే చోట పెట్టుకోవాలి.

దాని సారం ఇది. ఒక సంస్థలో ఒకటికి మించి సంఘాలు ఉన్నప్పుడు, హాజరు పట్టీ అయిన మస్టర్ రోల్‌లోని కార్మికుల్లో 51 శాతం లేదా అంతకు మించిన మద్దతు ఉన్న సంఘమే యాజమాన్యంతో చర్చించే ఏకైక సంఘం అవుతుంది. ఏ సంఘానికీ అంత బలం లేకపోతే చర్చల మండలి ఏర్పడుతుంది. ఆ మండలిలో చోటు దక్కేది కనీసం 20 శాతం మద్దతు ఉన్న సంఘాలకే. ఇప్పుడు 600 మంది పనిచేసే ఒక కర్మాగారాన్ని ఊహించుకోండి. అందులో నాలుగు సంఘాలు ఉన్నాయి. ఒకదానికి 230 మంది, రెండోదానికి 150 మంది, మూడోదానికి 110 మంది, నాలుగోదానికి 80 మంది సభ్యులున్నారు, 30 మంది ఎందులోనూ లేరు. 20 శాతం అంటే 120 మంది. మూడో సంఘమూ నాలుగో సంఘమూ విడివిడిగా ఉంటే, ఆ రెండింటిలోని 190 మంది, అంటే కర్మాగారంలో దాదాపు మూడో వంతు కార్మికులు, వేతన ఒప్పందం రాసే బల్ల దగ్గరికి కూడా రాలేరు. ఆ రెండూ ఒక్కటైతే 20 శాతం దాటి కూర్చునే హక్కు వస్తుంది. మొదటి రెండూ కలిస్తే 380 మందితో 51 శాతం దాటిపోతాయి. ఈ లెక్క యాజమాన్యాల పర్సనల్ విభాగాలు ఎప్పుడో వేసుకుని ఉంటాయి. ఎవరిని 20 శాతం కింద ఉంచాలో, అందుకు ఏ చిన్న సంఘాన్ని పక్కలో పెంచాలో వాళ్లకు తెలుసు. రాష్ట్రస్థాయిలో మీరు ముందే ఒక అవగాహనకు రాకపోతే, కింద గేటు దగ్గర ఉన్న కార్యదర్శి ఒక్కడే ఆ ఎత్తుగడను తట్టుకోలేడు.

ఆ లెక్కలోనే ఇంకో పెద్ద లోటు ఉంది, అది నన్ను మరింత కలవరపెడుతోంది. మద్దతు లెక్కించేది మస్టర్ రోల్‌ను బట్టి. కాంట్రాక్టు కార్మికుడి పేరు ఉండేది కాంట్రాక్టరు మస్టర్‌లో. ఏళ్ల తరబడి అదే ఫర్నేస్ దగ్గర, అదే రియాక్టర్ దగ్గర, పర్మినెంట్ కార్మికుడితో భుజం కలిపి పనిచేసినా, ప్రధాన యాజమాన్యంతో జరిగే బేరంలో అతని మాటకు విలువ దొరకడం కష్టమే. దీనికి తోడు, గతంలో కేంద్ర చట్టం ప్రకారం 20 మంది కాంట్రాక్టు కార్మికులున్న చోటికి వర్తించిన రక్షణలు కొత్త కోడ్‌లో 50 మంది ఉన్న చోటికే పరిమితమయ్యాయి. 49 మందితో ఒక్కొక్క కాంట్రాక్టు రాసుకునేవాళ్లు ఎంతమంది పుట్టుకొస్తారో చెప్పడానికి జోస్యం అక్కర్లేదు. కాంట్రాక్టు కార్మికుణ్ణి ఇప్పటిదాకా మనం చాలాచోట్ల సమ్మె రోజున గుంపు పెంచేవాడిగానే చూశాం. మా కర్మాగారంలోనూ అంతే జరిగింది. సభ్యత్వ పుస్తకంలో అతని పేరు రాసుకున్నాం గానీ, కమిటీలో కుర్చీ వేయలేదు.

సమ్మె హక్కు సంగతి క్లుప్తంగా చెబుతాను, ఎందుకంటే అది మీకు నాకంటే బాగా తెలుసు. ఒకప్పుడు ప్రజోపయోగ సేవలకే తప్పనిసరైన ముందస్తు నోటీసు ఇప్పుడు అన్ని పారిశ్రామిక సంస్థలకూ తప్పనిసరి. నోటీసు ఇచ్చాక 14 రోజులు ఆగాలి, రాజీ చర్చలు మొదలైతే అవి ముగిసి మరో ఏడు రోజులు గడిచేదాకా ఆగాలి. సగం మంది, అంతకన్నా ఎక్కువ మంది ఒకే రోజున కలిసి క్యాజువల్ లీవు పెడితే అదీ సమ్మె కిందికే వస్తుంది. ఇంత వ్యవధిలో ఒక సంఘం నోటీసు ఇచ్చి ఇంకో సంఘం ఇవ్వకపోతే, లేదా ఒకరు చర్చలకు వెళ్లి ఇంకొకరు బయట నిలబడితే, ఆ 14 రోజులూ యాజమాన్యానికి మనల్ని విడదీయడానికి ఇచ్చిన గడువుగా మారతాయి.

ఇన్ని సంఘాలు ఎలా అయ్యాయో చరిత్ర మనకు దాచిపెట్టలేదు. 1920 అక్టోబర్ 31న బొంబాయిలో లాలా లజపతి రాయ్ అధ్యక్షతన ఏఐటీయూసీ పుట్టినప్పుడు దేశంలో కార్మికులకు ఉన్న కేంద్ర వేదిక అదొక్కటే. 1947లో ఐఎన్‌టీయూసీ, 1948లో హెచ్‌ఎంఎస్, 1955లో బీఎంఎస్, 1970లో సీఐటీయూ వచ్చాయి. ప్రతి పుట్టుక వెనకా ఒక రాజకీయ కారణం ఉంది, దానికోసం నిజాయతీగా జైలుకు వెళ్లినవాళ్లూ ఉన్నారు. ఆ కారణాలను నేను చిన్నబుచ్చను. కానీ పార్టీలు విడిపోయినప్పుడు కర్మాగారంలో బాయిలర్ రెండుగా చీలలేదు, షిఫ్టు రెండుగా చీలలేదు, జీతం ఇచ్చే చేయి మారలేదు. చీలింది ఆ చేతి ముందు నిలబడి అడిగేవాళ్లే.

కలిసి అడిగినప్పుడు ఏం జరుగుతుందో మన రాష్ట్రంలోనే చూశాం. 2023 డిసెంబర్ 12న అంగన్‌వాడీ కార్యకర్తలు, ఆయాలు మొదలుపెట్టిన సమ్మె 42 రోజులు నడిచింది. సీఐటీయూ, ఏఐటీయూసీ, ఐఎఫ్‌టీయూ అనుబంధ సంఘాలు మూడూ ఒకే నోటీసుతో, ఒకే డిమాండ్ల పత్రంతో నిలబడ్డాయి. 11,500 రూపాయల గౌరవ వేతనం తీసుకునే కార్యకర్త, 7,000 తీసుకునే ఆయా, నెలన్నర పాటు ఆ డబ్బు కూడా వదులుకుని కలెక్టరేట్ల ముందు కూర్చున్నారు. కేంద్రాల తాళాలు పగలగొట్టి తెరిపించినా, 2024 జనవరి 6న అత్యవసర సేవల్లో సమ్మెను నిషేధించే ఎస్మా చట్టం ప్రయోగించినా, తొలగింపు నోటీసులు బయల్దేరినా మూడు సంఘాల్లో ఏదీ విడిగా వెళ్లి సంతకం పెట్టి రాలేదు. జనవరి 22 రాత్రి ప్రభుత్వం మూడు సంఘాలనూ ఒకే గదిలో కూర్చోబెట్టి మాట్లాడాల్సి వచ్చింది. పదవీ విరమణ ప్రయోజనం పెంపు వంటి కొన్ని డిమాండ్లు అంగీకరించారు. జీతాల మీద మాత్రం ఆ రాత్రి చేతికొచ్చింది హామీయే. గ్రాట్యుటీకి అంగన్‌వాడీలు అర్హులేనని సుప్రీంకోర్టు 2022 ఏప్రిల్‌లోనే చెప్పినా, అదీ సమ్మె డిమాండ్లలో పెట్టాల్సి వచ్చింది. అంటే ఆ పోరాటం సంపూర్ణ విజయం అనను. కానీ లక్ష మందికి దగ్గరగా ఉన్న ఆడవాళ్లను ఎస్మా కూడా విడదీయలేకపోయిందంటే, వాళ్ల ముందు నిలబడిన మూడు జెండాలు ఒకే గుంజకు కట్టి ఉండడమే కారణమని నేను గట్టిగా నమ్ముతున్నాను.

విశాఖ ఉక్కు సంగతి మీకు కొత్తగా చెప్పాల్సింది లేదు. 2021 జనవరి 27న కేంద్ర మంత్రివర్గ సంఘం నూరు శాతం పెట్టుబడుల ఉపసంహరణకు ఆమోదం తెలిపిన రెండు వారాల్లోనే సంఘాలన్నీ పోరాట కమిటీగా ఏర్పడ్డాయి. ఫిబ్రవరి 12న కూర్మన్నపాలెం కూడలిలో మొదలైన రిలే దీక్షల శిబిరం వెయ్యి రోజులు దాటి నడిచింది. నేను ఆ శిబిరంలో చాలాసార్లు కూర్చున్నాను. ఒక రోజు ఒక సంఘం, మర్నాడు ఇంకో సంఘం వంతు. జెండాలు మారుతున్నా వెనక బ్యానర్ మారలేదు. ప్లాంటు అమ్మకం ఇన్నేళ్లు ఆగిందంటే, 2025 జనవరిలో 11,440 కోట్ల రూపాయల ప్యాకేజీ ప్రకటించారంటే, ఆ శిబిరం పాత్ర కాదనేవారు ఎవరూ ఉండరు.

అయితే అదే ప్లాంటులో ఆ తర్వాతి నెలల్లో కాంట్రాక్టు కార్మికులను వేల సంఖ్యలో పనిలోంచి తీసేశారు. వాళ్లలో భూములిచ్చిన ఊళ్ల పిల్లలూ ఉన్నారు. సంఘాలు నోటీసులు ఇచ్చాయి, సమ్మె చేశాయి, అరెస్టులూ జరిగాయి. నేను ఎవరినీ తప్పుపట్టడం లేదు. అయినా మనస్సులో మెదిలే ప్రశ్న అడగక తప్పదు. ప్లాంటు అమ్మకం మీద వెయ్యి రోజులు చెక్కుచెదరని ఐక్యత, కాంట్రాక్టు కార్మికుడి గేట్ పాస్ రద్దైన రోజున అదే తీవ్రతతో కనిపించిందా? పర్మినెంట్ కార్మికులు, రిటైరైన మేమూ, ఆ కుర్రాళ్లతో ఎన్ని రోజులు కూర్చున్నాం? సంఘాల మధ్య గోడ ఒకటైతే, సంఘం లోపల పర్మినెంట్‌కూ కాంట్రాక్టుకూ మధ్య ఉన్న గోడ ఇంకొకటి. మొదటిది కూలి రెండోది నిలిచి ఉంటే ఆ ఐక్యత నీడ సగం మందికే పడుతుంది.

ఇక మీరు మొట్టమొదట కలిసి చేపట్టవలసిన పని ఏదంటే, కనీస వేతనాలు అంటాను. రాష్ట్రంలో సంఘం మొహం చూడని కార్మికుడికి కూడా తగిలే విషయం అదొక్కటే. షాపులో పనిచేసే అమ్మాయికి, రైస్ మిల్లు హమాలీకి, సెక్యూరిటీ గార్డుకి, రొయ్యల ప్రాసెసింగ్ యూనిట్‌లో చల్లటి నీళ్లలో చేతులు పెట్టి నిలబడే మహిళకి వేతన ఒప్పందాలు ఉండవు. వాళ్లకు దిక్కు ప్రభుత్వం నోటిఫై చేసే కనీస వేతనమే. ఐదేళ్లు దాటకుండా దాన్ని సవరించాలని 1948 నాటి చట్టం చెప్పింది, కొత్త వేతనాల కోడ్ కూడా అదే గడువు పెట్టింది. ఎలా లెక్కించాలన్నదీ కొత్తగా కనిపెట్టనక్కర్లేదు. 1957లో జరిగిన 15వ భారత కార్మిక సదస్సు సూత్రం రాసి పెట్టింది. సంపాదించే మనిషికి మూడు వినియోగ యూనిట్లు (అంటే అతని కుటుంబాన్ని ముగ్గురు పెద్దవాళ్ల లెక్కన తీసుకోవడం), ఒక్కో యూనిట్‌కు 2,700 కేలరీల తిండి, కుటుంబానికి ఏడాదికి 72 గజాల బట్ట, ఇంటి అద్దె, ఇంధనానికీ దీపానికీ ఇతర ఖర్చులకూ మొత్తం వేతనంలో 20 శాతం. పిల్లల చదువు, వైద్యం, వృద్ధాప్యం, పెళ్లిళ్ల వంటి ఖర్చులకు మరో 25 శాతం కలపాలని 1991లో సుప్రీంకోర్టు రెప్టకోస్ బ్రెట్ కేసులో చెప్పింది.

ఇంత స్పష్టమైన సూత్రం చేతిలో ఉండగా, ప్రతి సంఘమూ తన వినతిపత్రంలో తన అంకె రాస్తోంది. ఒకరు 26,000 అంటారు, ఇంకొకరు ఇంకో సంఖ్య అంటారు, మూడోవారు అంకె చెప్పకుండా సవరించాలని మాత్రమే కోరతారు. యాజమాన్యాల సంఘాలు ఒకే అంకెతో వస్తాయి. కనీస వేతనాల మీద ప్రభుత్వానికి సూచనలిచ్చే సలహా మండలి సమావేశంలో కార్మికుల వైపు మూడు లెక్కలు, యజమానుల వైపు ఒక లెక్క ఉంటే మధ్యలో కూర్చున్న అధికారి దేన్ని పట్టుకుంటాడో మీకు తెలియనిది కాదు. విశాఖ, విజయవాడ, తిరుపతి, కర్నూలు, ఏలూరు వంటి చోట్ల బియ్యం, పప్పు, నూనె, గ్యాస్, అద్దె ధరలు మీ కార్యకర్తలే సేకరించి, 1957 సూత్రం ప్రకారం ఒకే లెక్క కట్టి, అందరి సంతకాలతో ఒకే పత్రం ఇవ్వండి. రెండు నెలల పని అది. ఆ పత్రాన్ని చెత్తబుట్టలో వేయడం ఏ ప్రభుత్వానికీ కుదరదు, వేసినా హైకోర్టుకు తీసుకెళ్లడానికి అదే ఆధారం అవుతుంది. అలాగే, వేతనాల కోడ్ ప్రకారం సలహా మండలి సభ్యుల్లో మూడో వంతు మహిళలు ఉండాలి. మీ సంఘాల తరఫున ఆ కుర్చీల్లో కూర్చునేవారిగా అంగన్‌వాడీ, ఆశా, రొయ్యల యూనిట్ల నుంచి ఎదిగిన నాయకురాళ్లనే పంపండి. 42 రోజుల సమ్మెను నడిపినవాళ్లకు అంకెలు మాట్లాడడం ఎవరూ నేర్పనవసరం లేదు.

రెండో పని ప్రాణాలకు సంబంధించింది. 2024 ఆగస్టు 21న అనకాపల్లి జిల్లా అచ్యుతాపురంలోని ఒక ఔషధ కర్మాగారంలో జరిగిన ప్రమాదంలో 17 మంది చనిపోయారు. ప్రమాదం జరిగిన ప్రతిసారీ మన సంఘాల బృందాలు విడివిడిగా వెళ్తాయి, విడివిడిగా నిజనిర్ధారణ చేస్తాయి, విడివిడిగా ప్రకటనలు ఇస్తాయి. చేతులు కాలాక ఆకులు కూడా వేరువేరుగానే పట్టుకుంటున్నాం. అచ్యుతాపురం, పరవాడ, నక్కపల్లి వంటి చోట్ల మీ అందరి తరఫున ఒక సంయుక్త భద్రతా బృందం ఉండాలి. రసాయన కర్మాగారాల్లో పనిచేసి రిటైరైన ఆపరేటర్లు, ఫిట్టర్లు, ఎలక్ట్రీషియన్లు మన దగ్గర వందలమంది ఉన్నారు. ఏ వాల్వు ఎక్కడ లీకవుతుందో, ఏ గార్డును ఎప్పుడు తీసేస్తారో, రాత్రి షిఫ్టులో ఏ అలారం ఆపేస్తారో వాళ్లకు తెలిసినంతగా ఏ తనిఖీ అధికారికీ తెలియదు. కార్మికుడు భయం లేకుండా ఫోన్ చేసి చెప్పుకోగల ఒకే నంబర్ ఉండాలి. ఒడిశా నుంచి, బిహార్ నుంచి, జార్ఖండ్ నుంచి వచ్చి పనిచేస్తున్నవాళ్లకు మన కరపత్రం చదవడం రాదు గనుక ఒడియాలోనూ హిందీలోనూ మాట్లాడేవాళ్లు ఆ నంబర్ దగ్గర ఉండాలి. వాళ్లు మన సభ్యత్వ పుస్తకంలో ఎప్పటికీ చేరకపోవచ్చు. అయినా ఆ కర్మాగారంలో వాళ్లు పీల్చే గాలే మనవాళ్లూ పీలుస్తున్నారు.

పైగా 2025లో రాష్ట్ర ప్రభుత్వం రోజుకు గరిష్ఠ పనిగంటలను 9 నుంచి 10కి, మూడు నెలల ఓవర్‌టైమ్ పరిమితిని 75 గంటల నుంచి 144 గంటలకు పెంచాలని నిర్ణయించింది. అలసిన మనిషి చేతికి యంత్రం ముందుగా దొరుకుతుంది. 33 ఏళ్లలో మా షాపులో నేను చూసిన ప్రమాదాల్లో ఎక్కువ శాతం షిఫ్టు చివరి రెండు గంటల్లో జరిగినవే.

మీ ఇబ్బందులు నాకు తెలియనివి కావు. అధికారంలో ఉన్న పార్టీకి అనుబంధంగా ఉన్న సంఘం ఆ ప్రభుత్వం నిర్ణయాన్ని వ్యతిరేకించే కాగితం మీద సంతకం పెట్టడం కష్టం. ప్రభుత్వం మారితే ఆ కష్టం ఇంకో సంఘానికి వస్తుంది. 2025 జూలై 9న పది కేంద్ర సంఘాలు దేశవ్యాప్త సమ్మె చేసినప్పుడు బీఎంఎస్ అందులో లేదు, దానికి ఆ సంఘం కారణాలు ఆ సంఘానికి ఉన్నాయి. అందుకే అన్ని విషయాల మీద ఒకే మాట కోరడం లేదు. కోడ్‌ల రద్దు మీద, ఎన్నికల మీద, కేంద్ర ప్రభుత్వ విధానాల మీద మీ దారులు మీవి. వేతనం లెక్క, ప్రమాదం, కాంట్రాక్టు కార్మికుడి పీఎఫ్, ఈఎస్‌ఐ అనే ఈ కాసిని విషయాల మీద ఏ పార్టీ సంఘమైనా కాదనడానికి కారణం నాకు కనిపించడం లేదు. ఈ విషయాల్లో సంయుక్త కమిటీ తీసుకున్న నిర్ణయానికి భిన్నంగా ఏ సంఘమూ విడిగా ఒప్పందం చేసుకోకూడదని, ఒకరి సభ్యులను ఇంకొకరు గుంజుకోవడం మీద కనీసం వేతన చర్చలు నడుస్తున్న కాలంలోనైనా నిషేధం ఉండాలని, చర్చల మండలిలో 20 శాతం లోపు బలం ఉన్న సంఘం ఎవరితో కలిసి కూర్చోవాలో ముందుగానే రాతపూర్వకంగా తేల్చుకోవాలని నా సూచన. ఇది మాటల్లో సరిపోదు, రాత ఉండాలి. గేటు దగ్గర కార్యదర్శిగా పనిచేసినవాడిగా చెబుతున్నాను: పై నుంచి రాత లేకపోతే కింద మాట నిలవదు. పక్క సంఘం వాడికి పేరొస్తుందేమోనన్న ఆందోళన ఎంత మంచి మనిషినైనా తప్పు చేయిస్తుంది. నాచేత చేయించింది.

కాంట్రాక్టు కార్మికులకు సంయుక్త కమిటీలో జిల్లా స్థాయి నుంచే కుర్చీలు కేటాయించండి. వాళ్ల తరఫున మాట్లాడే పర్మినెంట్ నాయకుడికి బదులు వాళ్లనే కూర్చోబెట్టండి. గేట్ పాస్ పోతుందన్న భయంతో పేరు బయట పెట్టలేని వాళ్లుంటారు, వాళ్లకు రక్షణగా మిగతా సంఘాలన్నీ ఆ పాస్ రద్దైన రోజునే ఉమ్మడిగా నోటీసు ఇస్తాయన్న హామీ ఉండాలి. ఆ హామీ ఒక్కచోట ఒక్కసారి నిలబెట్టి చూపిస్తే, మిగతా పారిశ్రామిక ఎస్టేట్లలో సభ్యత్వం అడిగే పని మీకు ఉండదు.

మొదటి సమావేశం విజయవాడలో పెడతారో విశాఖలో పెడతారో మీ ఇష్టం. ఏ సంఘం ఆఫీసులో అయినా పెట్టండి, అందరూ రావడమే ముఖ్యం. పిలిస్తే నేనూ వస్తాను. ఆ కుర్రవాడి వేలిముద్రలున్న రెండు అర్జీల నకళ్లు నా దగ్గర ఉన్నాయి. పదవీ విరమణ రోజున లాకర్ ఖాళీ చేస్తూ వాటిని పారేయలేక ఇంటికి తెచ్చుకున్నాను. ఆనాడు మంచానికి అవతల స్టూలు మీద కూర్చున్న రెండో సంఘం కార్యదర్శి ఇప్పుడు మా పక్క వీధిలోనే ఉంటున్నారు. ఈ లేఖ పంపే ముందు ఆయనకు చదివి వినిపించాను. రెండు నకళ్లూ పట్టుకుని ఇద్దరం కలిసే వస్తామని చెప్పమన్నారు.

ఇట్లు,
ఒక విశ్రాంత కార్మికుడు,
విశాఖపట్నం